"చిన్నబిడ్డవలె" అనే మాట: సి. ఎస్. లూయిస్ మూడు పుస్తకాలపై ఒక పరిశీలన

మార్కు 10:15 మన సంఘాలలో తరచుగా వినబడే వచనం. బిడ్డల ప్రతిష్ఠ ఆరాధనలోను, వి.బి.ఎస్. ముగింపు కూడికలోను దానిని చదువుతాము. అంతవరకు ఇబ్బంది లేదు. అయితే ఈ వచనానికి మన మధ్య మరి రెండు వాడుకలు స్థిరపడిపోయాయి. కాలేజీకి వెళ్ళి వచ్చిన యువకుడు సృష్టి గురించో, ఇతర మతస్థుల రక్షణ గురించో ప్రశ్న వేస్తే, "చిన్నబిడ్డలాగా నమ్మాలి బాబూ, తర్కించకూడదు" అని అతని నోరు మూయించడం ఒకటి. రోగి మంచం చుట్టూ చేరి, "చిన్నబిడ్డలాగా నమ్మండి, తప్పక లేస్తాడు" అని చెప్పడం రెండవది. రోగి లేవకపోతే ఆ ఇంటివారి నమ్మిక చాలలేదన్న మాట భూస్థాపన నాటికే వినబడుతుంది. ఈ రెండవ వాడుక మొదటిదానికంటె ప్రమాదకరమైనది. ఎందుకనగా ఆ ఇంట్లో నిజంగానే ఒక చిన్నబిడ్డ ఉండవచ్చు. ఆ బిడ్డ వింటూ ఉండవచ్చు.

సందేహవాదం నుండి విశ్వాసానికి తిరిగి వచ్చినవాడు అనగానే మన వేదాంత విద్యార్థులకు గుర్తుకు వచ్చే పేరు సి. ఎస్. లూయిస్. విశ్వాస సమర్థన తరగతులలో ఆయన ఆత్మకథ "సర్‌ప్రైజ్డ్ బై జాయ్" (1955) ప్రస్తావన తప్పదు. నాస్తికుడైన ఆక్స్‌ఫర్డ్ పండితుడు తర్కం చేతనే ఓడిపోయి దేవుని ఒప్పుకున్నాడని, కనుక మన దగ్గర తగినంత తర్కం ఉంటే నాస్తికులను గెలవవచ్చని ఆ పుస్తకం నుండి నేర్చుకుంటాము. ఇది ఆ పుస్తకాన్ని పైపైన చదవడమే. లూయిస్ ఎలా తిరిగి వచ్చాడన్నదానికంటె, ఆయన చిన్ననాటి విశ్వాసం ఎలా పోయిందన్న భాగంలో కాపరులకు ఎక్కువ పాఠమున్నది. పైగా ఆ పాఠాన్ని ఆత్మకథ పూర్తిగా చెప్పదు. దానికి ఆయన మరి రెండు పుస్తకాలు కావాలి.

లూయిస్ 1898లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టాడు. తల్లి తరపు తాత ఐర్లండ్ ఆంగ్లికన్ సంఘంలో పాదిరి. అనగా మన భాషలో చెప్పాలంటే పాదిరిగారి మనుమడు, సంఘం నీడలో పెరిగిన పిల్లవాడు. 1908 ఆగస్టులో తల్లి క్యాన్సర్‌తో చనిపోయింది. అప్పటికి అతనికి తొమ్మిదేళ్ళు.

తల్లి జబ్బు పడినప్పుడు తానెలా ప్రార్థించాడో లూయిస్ దాపరికం లేకుండా రాశాడు. విశ్వాసంతో చేసిన ప్రార్థనకు జవాబు వస్తుందని పెద్దలు నేర్పారు. కాబట్టి ఆ పిల్లవాడు తన మనస్సును బిగబట్టి, అమ్మ బాగుపడుతుందనే గట్టి నమ్మకాన్ని లోపల తయారుచేయడానికి పూనుకున్నాడు. అది సాధించానని కూడా అనుకున్నాడు. అయినా అమ్మ పోయింది. అప్పుడు, తిరిగి బ్రతుకుతుందని నమ్మడానికి మళ్ళీ ప్రయత్నించాడు. ఆనాడు తాను దేవుని దగ్గరకు రక్షకుడని గాని న్యాయాధిపతి అని గాని వెళ్ళలేదని, మంత్రగాడి దగ్గరకు వెళ్ళినట్టు వెళ్ళానని పెద్దయ్యాక లూయిస్ తీర్పు చెప్పుకున్నాడు. పని జరిపించి వెళ్ళిపోతే చాలు. ఆ దేవునితో అంతకుమించి పని లేదు.

ఇక్కడ మనం ఆగాలి. ఆ పిల్లవాడు చేసింది మన స్వస్థత కూటాలలో "చిన్నబిడ్డవంటి విశ్వాసం" అని మెచ్చుకునే పనే. సందేహానికి చోటివ్వకుండా మనస్సును బిగించడం, జరిగిపోయిందని ముందే ఒప్పుకోవడం. నిజంగా చిన్నబిడ్డ అయినవాడే ఆ పని చేశాడు. కాని అది బిడ్డ స్వభావంలోనిది కాదు, పెద్దలు నేర్పినది. ఆకలేసిన బిడ్డ అమ్మ అన్నం పెడుతుందన్న నమ్మకాన్ని లోపల తయారుచేసుకోదు. ఏడుస్తుంది, అంతే. తన నమ్మకం ఎంత గట్టిదో కొలుచుకునే పని పెద్దవాళ్ళది.

ఆ తరువాత ఇంగ్లాండులోని బడిలో ఇదే జబ్బు మరో రూపంలో బయటపడింది. ప్రార్థన పెదవులతో కాదు, మనస్సుతో చేయాలని ఎవరో బోధించగా విన్నాడు. మంచి బోధే. కాని ఆ పిల్లవాడు దానిని తనకు తానే ఒక శిక్షగా మార్చుకున్నాడు. ప్రతి రాత్రి ప్రార్థనలో ప్రతి మాటకూ మనస్సులో స్పష్టమైన అనుభూతి కలగాలి. కలగకపోతే ఆ మాట లెక్కకు రాదు. మళ్ళీ మొదటినుండి మొదలుపెట్టాలి. నిద్ర కరవై, రాత్రి అంటేనే భయం పట్టుకుంది. పదమూడేళ్ళ ప్రాంతంలో విశ్వాసం పోయినప్పుడు అతనికి కలిగింది దుఃఖం కాదు, ఊరట. పుస్తకాలలో చదివిన వాదాలు, అన్యమతాల గురించిన ప్రశ్నలు తరువాత తోడయ్యాయి గాని, వాటికి ముందే ఆ పిల్లవాడు అలసిపోయి ఉన్నాడు. మన విశ్వాసుల ఇళ్ళలో పుట్టి పెద్దయ్యాక సంఘానికి రాని యువకుల గురించి మాట్లాడుకునేటప్పుడు "చెడు సహవాసం", "శాస్త్రాల చదువు" అని కారణాలు చెబుతాము. అలసట అనే కారణాన్ని నేనింతవరకు ఏ కాపరుల సదస్సులోను వినలేదు.

తరువాతి భాగం అందరికీ తెలిసినదే, క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్తాను. 1914లో విలియం కర్క్‌పాట్రిక్ అనే నాస్తికుడైన గురువు దగ్గర చేరాడు. మొదటి రోజు, సర్రే ప్రాంతం తాను అనుకున్నదానికంటె అడవిగా ఉన్నదని మాటవరసకు అంటే, ఏ ఆధారంతో అలా అనుకున్నావని గురువు నిలదీశాడట. హేతువు అంటే ఏమిటో లూయిస్ నేర్చుకున్నది అక్కడ. ఈ గురువును ఆయన చివరివరకు ప్రేమించాడు, గౌరవించాడు. కోస్తా జిల్లాల కాపరులు ఈ సంగతి గమనించాలి. మన ప్రాంతంలోనూ గోరా (1902-1975) వంటివారు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించి, 1947లో విజయవాడకు మార్చి, కుల నిర్మూలన విషయంలో సంఘాలకంటె ముందు నడిచిన సందర్భాలున్నాయి. నాస్తికుడు అనగానే శత్రువని బోధించే అలవాటు లూయిస్ చదువరికి ఉండకూడదు.

1925లో మాడ్లిన్ కాలేజీలో అధ్యాపకుడైన లూయిస్, 1929లో దేవుడున్నాడని ఒప్పుకుని మోకరించానని రాశాడు. (ఈ సంఘటన 1930లో జరిగిందని అలిస్టర్ మెగ్రాత్ 2013లో రాసిన జీవిత చరిత్రలో వాదించాడు. ఆ వాదన బలమైనదే గాని మన చర్చకు దానితో పని లేదు.) 1931 సెప్టెంబరు 19 రాత్రి టోల్కీన్, డైసన్ అనే స్నేహితులతో సుదీర్ఘ సంభాషణ జరిగింది. తొమ్మిది రోజుల తరువాత అన్నగారి మోటారు సైకిలు పక్కబండిలో కూర్చుని విప్స్‌నేడ్ జంతు ప్రదర్శనశాలకు బయలుదేరాడు. బయలుదేరేటప్పుడు యేసు దేవుని కుమారుడని నమ్మలేదు, చేరేసరికి నమ్మాడు. దారిలో గొప్ప ఆలోచనలేవీ చేయలేదు, గొప్ప భావావేశమూ కలగలేదు.

ఈ విప్స్‌నేడ్ పేజీని ప్రసంగాలలో వాడుకునేవారు తక్కువ. చెప్పుకోవడానికి అందులో ఏమీ జరగదు మరి. సాక్ష్యం అంటే కన్నీళ్ళు, వెలుగు, స్వరం ఉండాలని మనం ఎదురుచూస్తాము. కాని పుస్తకమంతటిలో ఈ పేజీయే మార్కు 10:15కు దగ్గరగా ఉన్నది. తొమ్మిదేళ్ళ పిల్లవాడు బిగబట్టి తయారుచేయలేకపోయినదానిని, ముప్ఫై రెండేళ్ళవాడు పక్కబండిలో ఊరక కూర్చుని అందుకున్నాడు. రెండేళ్ళ తర్కం దారి చదును చేసిన మాట నిజమే. అయితే ఆ ఉదయం జరిగినది తర్కం చేసిన పని కాదు, లూయిస్ కూడా అలా చెప్పలేదు.

ఇప్పుడు వాక్యం వైపు చూద్దాము. మార్కు 10:15లో క్రియాపదం "దెఖొమై". మన తెలుగు బైబిలులో "అంగీకరించు" అన్నారు. ఈనాటి తెలుగులో ఈ మాటకు ఒప్పుకోవడం, సమ్మతించడం అనే అర్థం బలపడిపోయింది. అందుచేత వచనం ఒక సిద్ధాంతానికి తల ఊపడం గురించి చెప్పినట్టు వినిపిస్తుంది. గ్రీకు మాటకు అందుకోవడం, చేర్చుకోవడం అనే అర్థం ఉన్నది. అతిథిని చేర్చుకోవడానికి వాడేది ఇదే మాట. ఇదే సంఘటనను చెబుతూ లూకా (18:15) "బ్రెఫొస్" అనే పదం వాడాడు. ఎలీసబెతు గర్భంలో గంతులు వేసిన శిశువుకు (1:41), పొత్తిగుడ్డలలో చుట్టబడిన శిశువుకు (2:12) లూకా వాడిన పదమిదే. అనగా ప్రభువు దగ్గరకు తెచ్చినవారిలో చంకబిడ్డలు ఉన్నారు. చంకబిడ్డకు సందేహం లేకపోవడం ఒక సద్గుణం కాదు. దానికి సందేహించే శక్తే లేదు, నమ్మికను ప్రదర్శించే శక్తీ లేదు. ఎవరో ఎత్తుకుని తెచ్చారు, ఆయన ఎత్తుకుని దీవించాడు. వెంటనే వచ్చే ధనవంతుని కథలో (10:17-22) మార్కు దీనికి ఎదురు చిత్రం చూపిస్తాడు. చిన్నతనం నుండి ఆజ్ఞలన్నీ పాటించినవాడు, చేతినిండా ఆస్తి ఉన్నవాడు, అందుకోలేక వెళ్ళిపోయాడు.

ప్రశ్నలు మానడమే బిడ్డతనమని చెప్పేవారికి పౌలు 1 కొరింథీయులు 14:20లో అడ్డుపడతాడు. దుష్టత్వంలో శిశువులుగా ఉండండి, ఆలోచనలో మాత్రం పెద్దవారుగా ఉండండి అన్నది ఆయన బోధ సారం. లూయిస్ కూడా "మియర్ క్రిస్టియానిటీ" (1952)లో క్రీస్తు మన నుండి బిడ్డ హృదయాన్ని, పెద్దవాని బుద్ధిని కోరుతున్నాడని ఈ మాటనే వివరించాడు. సందేహించే యువకుని నోరు మూయించే ప్రసంగికి ఈ రెండింటిలో ఏదీ తోడు రాదు.

ఇంతవరకు లూయిస్ పక్షాన మాట్లాడాను. ఇక ఆత్మకథలోని లోపం చెప్పాలి. తల్లి కోసం చేసిన ప్రార్థన విఫలమైనందుచేత తన మతవిశ్వాసంపై ఏ ప్రభావమూ పడలేదని అందులో ఆయన తేల్చివేస్తాడు. పని జరగలేదు, పనులు జరగకపోవడం అలవాటే, దాని గురించి ఇక ఆలోచించలేదు, అన్నది ఆ పేజీ సారాంశం. నాకిది నమ్మశక్యంగా లేదు. తల్లి చావుతో తన జీవితంలోని నిశ్చింత అంతా మునిగిపోయిందని అదే అధ్యాయం చివర రాసినవాడు, దేవునికి మాత్రం దానిలో సంబంధం లేదని ఎలా చెప్పగలడు? బహుశా విశ్వాస సమర్థకునిగా పేరుపొందిన రచయితకు, తన నాస్తికత్వం గాయంలోనుండి పుట్టిందని ఒప్పుకోవడం ఇష్టం లేకపోయి ఉండవచ్చు. ఒప్పుకుంటే, తిరిగి రావడం కూడా గాయానికి కట్టు మాత్రమే అని విమర్శకులు అంటారు.

నా అనుమానానికి ఆధారం ఆయన రచనలోనే ఉన్నది. ఆత్మకథ వెలువడిన 1955లోనే లూయిస్ పిల్లల కోసం రాసిన "ది మెజీషియన్స్ నెఫ్యూ" కూడా వెలువడింది. పేరులోనే మంత్రగాడు ఉన్నాడు. కథానాయకుడు డిగరీ కర్క్ అనే పిల్లవాడు. ఇంటిపేరు పాత గురువును గుర్తుచేస్తుంది. అతని తల్లి మంచం పట్టి చావుకు దగ్గరగా ఉన్నది. ఆత్మకథ పక్కకు నెట్టినదంతా పిల్లల కథలోకి వచ్చి కూర్చున్నదని ఎవరైనా గమనించవచ్చు.

కొత్తగా సృష్టింపబడిన నార్నియా లోకంలో డిగరీ, సింహరూపుడైన ఆస్లాన్ ఎదుట నిలబడతాడు. అప్పటికే ఒక తప్పు చేసి ఆ లోకంలోకి కీడును తెచ్చినవాడు. పని అప్పగించబడుతుంది. చేస్తానంటాడు, కాని ఆగలేక అమ్మ కోసం అడుగుతాడు. బేరమాడాలని ఒక క్షణం అనిపించినా, ఇతనితో బేరం కుదరదని గ్రహిస్తాడు. అంతవరకు ఆ పాదాలను, గోళ్ళనే చూస్తున్నవాడు తల ఎత్తితే, ఆ ముఖంలో పెద్ద పెద్ద కన్నీటి బొట్లు. తన తల్లి గురించి తనకంటె ఎక్కువ దుఃఖం ఆయనకే ఉన్నదేమో అనిపిస్తుంది. మాట మాత్రం ఇవ్వడు. పండు తెమ్మని పంపుతాడు. తోటలో మంత్రగత్తె ఎదురై, ఈ పండు దొంగిలించి నేరుగా అమ్మకు తీసుకుపొమ్మని ప్రేరేపిస్తుంది. డిగరీ ఆ మాట వినడు. ఆశ వదులుకుని, పండు తెచ్చి అప్పగిస్తాడు. తరువాతనే అమ్మ కోసం మరో పండు అతనికి దొరుకుతుంది.

1908లో మంత్రగాడివంటి దేవుని దగ్గరకు వెళ్ళిన పిల్లవానికి, 1955లో యాభై ఆరేళ్ళ మనిషి ఇచ్చిన దిద్దుబాటు ఇది. డిగరీ నమ్మకాన్ని తయారుచేయడు. అడుగుతాడు, ఏడుస్తాడు, చెప్పిన పని చేస్తాడు. ఎక్కడా అతని నమ్మిక ఎంత అని కొలవడం జరగదు. "చిన్నబిడ్డవలె" అనే మాటకు లూయిస్ రాసిన వాటన్నిటిలో ఇంతకంటె మంచి వ్యాఖ్యానం నాకు కనబడలేదు.

అయినా ఒక అభ్యంతరం మిగిలి ఉన్నది, దానిని దాటవేయకూడదు. కథలో తల్లి బ్రతికింది. బెల్‌ఫాస్టులో బ్రతకలేదు. తల్లి చనిపోయిన పిల్లవాని చేతికి ఈ పుస్తకం ఇస్తే ఏమి జరుగుతుంది? నీవూ డిగరీలాగా ఉంటే బ్రతికేదే అని ఆ పిల్లవాడు చదువుకోవచ్చు. అప్పుడు కథ కూడా స్వస్థత కూటం చెప్పినదే చెప్పినట్టవుతుంది. లూయిస్ ఈ అభ్యంతరానికి ఆ పుస్తకంలో జవాబివ్వలేదు. జవాబు జీవితంలో వచ్చింది.

1957 మార్చిలో, ఎముకల క్యాన్సర్‌తో ఆసుపత్రిలో ఉన్న జాయ్ డేవిడ్‌మన్‌కు, లూయిస్‌కు పీటర్ బైడ్ అనే ఆంగ్లికన్ పాదిరి మంచం దగ్గరే వివాహం జరిపించి, ఆమె మీద చేతులుంచి ప్రార్థించాడు. ఆమె ఆశ్చర్యకరంగా కోలుకున్నది, లేచి నడిచింది. ఈ సంగతిని పేర్లు లేకుండా లూయిస్ 1959లో ప్రార్థన గురించి ప్రచురించిన ఒక వ్యాసంలో రాశాడు. చెప్పుకోదగిన విషయం ఏమనగా, ఆ వ్యాసాన్ని ఆయన సాక్ష్యంగా ముగించలేదు. వెంటనే గెత్సేమనేకు వెళ్ళాడు. అందరికంటె పరిశుద్ధుడైనవాడు మూడుసార్లు అడిగినా ఆ గిన్నె తొలగలేదు కనుక, ప్రార్థన తప్పక ఫలించే ఉపాయం కాదని రాశాడు. భార్య ఆరోగ్యంగా ఉన్న రోజులలో రాసిన మాట ఇది. ఆ సంవత్సరమే జబ్బు తిరగబెట్టింది. 1960 జూలై 13న ఆమె మరణించింది.

"ఎ గ్రీఫ్ అబ్జర్వ్‌డ్" (1961) మారుపేరుతో వచ్చింది. దేవుడు లేడేమోనన్న భయం కాదు, దేవుడు ఇలాంటివాడేమోనన్న భయం ఆ పుస్తకం మొదటి పేజీలలో ఉన్నది. తలుపు మూసి లోపల గడియ వేసిన శబ్దం తప్ప ఏమీ వినబడలేదన్నట్టు రాస్తాడు. "ది ప్రాబ్లమ్ ఆఫ్ పెయిన్" (1940)లోని సమాధానాలన్నీ ఈయనకు తెలుసు, ఆయనే రాశాడు, అయినా అవి ఇక్కడ అక్కరకు రాలేదు. దీనిని విశ్వాసం పడిపోవడంగా చదివే విమర్శకులున్నారు. నేను ఒప్పుకోను. పుస్తకం ముందుకు పోయేకొద్దీ, తలుపు మూసింది తన ఆత్రమేనేమో అనే ఆలోచన వస్తుంది. నీటిలో మునుగుతున్నవాడు రక్షించ వచ్చినవానిని గట్టిగా పట్టుకుని పెనుగులాడితే రక్షించడం కష్టం. బిగబట్టిన పిడికిలి అందుకోలేదన్నమాట. 1908లోని పిల్లవాని పొరపాటును లూయిస్ మరోసారి, ఈసారి పేరు పెట్టి, గుర్తుపట్టాడు.

ఆ పుస్తకంలో మరొక చోటు ఉన్నది. జాయ్‌కు ఇద్దరు కుమారులు. వారితో తల్లి గురించి మాట్లాడబోతే పిల్లల ముఖాలలో దుఃఖం కాదు, ప్రేమ కాదు, ఇబ్బంది కనబడుతుంది. మాట ఆపేస్తే బాగుండునన్నట్టు చూస్తారు. తన తల్లి పోయినప్పుడు తండ్రి ఆమె పేరెత్తితే తనకూ సరిగ్గా అలాగే ఉండేదని లూయిస్ జ్ఞాపకం చేసుకుంటాడు. ఐదేళ్ళ క్రితం ఏ ప్రభావమూ పడలేదని రాసిన చావు, యాభై రెండేళ్ళ తరువాత కూడా నోరు పెగలనివ్వడం లేదు.

గెత్సేమనేలో ప్రభువు పలికిన "అబ్బా" అనే మాటను (మార్కు 14:36) బుడిబుడి మాటల బిడ్డ నాన్నను పిలిచే పిలుపని యోవాకిమ్ యెరెమియాస్ పేరు చెప్పి ప్రసంగించడం మనలో పరిపాటి. పెద్దవారైన కుమారులూ కుమార్తెలూ తండ్రిని ఆ మాటతోనే పిలిచేవారని జేమ్స్ బార్ 1988లో చూపించాడు. దీనివలన ఆ ప్రార్థన విలువ తగ్గలేదు, నా దృష్టిలో పెరిగింది. ఏమి రానున్నదో తెలిసిన పెద్దవాడు, దాచకుండా అడిగినవాడు, అడిగినది దొరకనివాడు, తండ్రీ అనే పిలుపును మాత్రం మార్చలేదు. తల్లి చనిపోయిన పిల్లవానికి డిగరీ కథ ఇవ్వలేనిది ఇక్కడ ఉన్నది. నీ నమ్మిక చాలలేదని ఆ పిల్లవానితో చెప్పేవాడు, అదే మాట గెత్సేమనేలో మోకాళ్ళమీద ఉన్నవానితో కూడా చెప్పవలసి వస్తుంది.

మన ఆదరణ కూడికలలో ముందు వరుస పెద్దలది. పిల్లలను పక్కింటికి పంపేస్తాము, లేదా ఏదో వచనం కంఠత చెప్పించి కూర్చోబెడతాము. శిష్యులు బిడ్డలను ఆటంకపరచినప్పుడు ప్రభువు కోపపడ్డాడని మార్కు 10:14లో ఉన్నది; సువార్తలలో ఆయన శిష్యుల మీద అంతగా కోపపడిన సందర్భాలు తక్కువ. ఈ మూడు పుస్తకాలను చదవదలచిన విద్యార్థులు ఆత్మకథలోని మొదటి అధ్యాయంతో మొదలుపెట్టి, వెంటనే నార్నియా కథలోని పన్నెండవ అధ్యాయం మొదటి పేజీలకు వెళ్ళాలని నా సలహా. "ఎ గ్రీఫ్ అబ్జర్వ్‌డ్"ను పరీక్ష కోసం చదవవద్దు. సంఘంలో చేరిన మొదటి సంవత్సరం, మొదటి భూస్థాపన జరిపి వచ్చిన రాత్రికి దానిని దాచుకోండి.